మన చెరువు నాచు అమెరికా దాకా ఎలా వెళ్లింది? ప్లాంటెడ్ అక్వేరియం అసలు కథ

ఈరోజు ఎపిసోడ్ అక్వేరియం గురించి. చేపల కన్నా ఎక్కువగా అందులో పెంచే మొక్కల గురించి. దిల్‌సుఖ్‌నగర్ రూముల్లో ఉండేవాళ్లు గానీ, ఎల్‌బీ నగర్ అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు గానీ ప్లాంటెడ్ ట్యాంక్ పెట్టాలనుకోగానే ముందు అడిగేది ఏ లైట్ కొనాలి, ఏ ఫిల్టర్ కొనాలి అని. నేను ఇంకో ప్రశ్న దగ్గర మొదలుపెడతాను. షాపులో కవర్లో కట్టి ఇచ్చే ఆ మొక్క అసలు ఎక్కడిది?

కథ లండన్‌లో మొదలవుతుంది. రాబర్ట్ వారింగ్టన్ అని ఒక కెమిస్ట్. 1849లో ఒక గాజు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్ వేసి, వాలిస్నేరియా అనే నీటి మొక్క నాటాడు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప బతుకుతుంది, నీళ్లు మార్చక్కర్లేదు, ఇదీ ఆయన లెక్క. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ముదిరిన ఆకులు కుళ్లి నీళ్లు పాడవడం మొదలైంది. అప్పుడాయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకుల్ని తినేశాయి, నీళ్లు తేటపడ్డాయి. ఈ ప్రయోగం 1850లో పేపర్‌గా వచ్చింది. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో 'అక్వేరియం' అనే మాట జనం నోళ్లలో పడింది.

ఆ వాలిస్నేరియా మన దేశంలో చెరువుల్లో, కాలువల్లో మామూలుగా పెరిగే జాతి. దాని ఆడ పువ్వు స్ప్రింగ్ లాంటి కాడ మీద నీటిపైకి వస్తుంది. మగ పువ్వులు అడుగు నుంచి తెగిపోయి పడవల్లా తేలుతూ దాని దగ్గరికి వెళ్తాయి. ఇవాళ అక్వేరియం వాళ్లు ఎగబడి కొనే ఎర్రటి రోటాలా మాక్రాండ్రా కూడా దక్షిణ భారతానిదే.

ఇంకా మన ఊరి లింక్ కావాలా? విలియం రాక్స్‌బర్గ్ అని ఈస్ట్ ఇండియా కంపెనీ డాక్టర్, 1780లలో మన సామర్లకోటలో ఉండేవాడు. చుట్టుపక్కల మొక్కలన్నిటికీ ఇక్కడి చిత్రకారులతో బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి సంపుటాలుగా వచ్చింది. అందులో హైడ్రిల్లా బొమ్మ కూడా ఉంది. అప్పటికి దాని పేరు వేరు. హైడ్రిల్లా అంటే మనం చెరువులో కాలు పెడితే చుట్టుకునే నాచుల్లో ఒకటి. ఖండసారి చక్కెర చేసేవాళ్లు ఈ జాతి నాచును తడిగా చక్కెర మీద పరిచి తెల్లబరిచేవాళ్లు. చెత్త అని తీసిపారేసేది కూడా మనవాళ్లకి పనికొచ్చిందన్నమాట.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1950ల మొదట్లో ఈ హైడ్రిల్లాని శ్రీలంక నుంచి అమెరికాకి తెప్పించారు, అక్వేరియం మొక్కగా అమ్ముకోడానికి. 'ఇండియన్ స్టార్ వైన్' అని పేరు కూడా పెట్టారు. ఫ్లోరిడాలో టాంపా దగ్గర కాలువలోకి చేరింది. చేరాక ఇక ఆగలేదు. చిన్న ముక్క తెగినా మళ్లీ మొలుస్తుంది, బురదలో దుంపలు ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ఫ్లోరిడా ఇప్పటికీ దాన్ని అదుపు చేయడానికే ఏటా కోట్లు పోస్తోంది. తర్వాత సైంటిస్టులు డీఎన్‌ఏ పోల్చి చూస్తే, అక్కడి ఒక రకం మన బెంగళూరు నుంచి తీసుకెళ్లిన శాంపిల్‌కి దగ్గరగా ఉందని తేలింది.

మనకి మాత్రం ఎదురు దారిలో వచ్చింది గుర్రపు డెక్క. దక్షిణ అమెరికా మొక్క, ఊదా పువ్వు అందంగా ఉందని 19వ శతాబ్దం చివర్లో తెచ్చారు. ఇప్పుడది లేని చెరువు చూపించండి! మన సరూర్‌నగర్ చెరువునే తీసుకోండి. కుతుబ్‌షాహీల కాలంలో 1626లో కట్టారు, సాగునీటి కోసం. ఇప్పుడు చుట్టూ కాలనీలు, మురుగు, వినాయక నిమజ్జనాలు. మురుగులో ఉండే నైట్రోజన్, ఫాస్ఫరస్ గుర్రపు డెక్కకి ఎరువు వేసినట్టే.

నాకు దీనికంటే భయం వేసేది సక్కర్ ఫిష్. అద్దానికి అంటుకున్న పాచి తింటుందని చిన్నపిల్లని అమ్ముతారు. అది అడుగు దాటి పెరుగుతుంది. అప్పుడు ఇంటివాళ్లు 'పాపం' అని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. ఇప్పుడు కృష్ణ, గోదావరి జాలర్లు దాన్ని దెయ్యపు చేప అంటున్నారు. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు, వల చిరిగిపోతుంది, తినడానికీ ఎవరూ కొనరు. మన హబ్సిగూడలోని సీసీఎంబీ సైంటిస్టులు నీటి శాంపిల్‌లో డీఎన్‌ఏ వెతికి దీన్ని కనిపెట్టే పద్ధతి తయారుచేశారు. తూర్పు కనుమల నీటి వనరుల్లో సుమారు 60 శాతంలో ఉందని 2023లో చెప్పారు.

'మా చెరువు చుట్టూ గట్టు ఉందిగా, ఎక్కడికి పోతుంది?' అంటారు కొందరు. 2020 అక్టోబర్ గుర్తుందా? సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాం నగర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అలుగు దాటిన నీళ్లతో పాటు చేప కూడా దాటుతుంది.

సరే, ట్యాంక్ పెట్టేవాళ్లకి చరిత్రలోంచే ఒక పనికొచ్చే ముక్క. వారింగ్టన్ కొడుకు పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. తండ్రి తొట్టిలో ఆక్సిజన్ లెక్క చూస్తే, కొడుకు నేలలో అమ్మోనియా రెండు దశల్లో మారుతుందని చూపించాడు. ముందు నైట్రైట్, తర్వాత నైట్రేట్. మీ ఫిల్టర్ స్పాంజిలో జరిగేది ఇదే. ఆ బ్యాక్టీరియా స్థిరపడటానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి తొట్టి కొన్న రోజే చేపలు వేయకండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఆ స్పాంజిని నల్లా కింద కడిగితే బ్యాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. మీ బిల్డింగ్‌కి బోరు నీళ్లయితే, మన గ్రానైట్ నేలలో అవి చాలాచోట్ల కఠిన జలం. వాలిస్నేరియా హాయిగా పెరుగుతుంది, రోటాలా మాక్రాండ్రా మాత్రం అలుగుతుంది.

జపాన్ తకాషి అమానో ఫొటోలు చూసి ఇన్‌స్పైర్ అయ్యేవాళ్లకి ఒక మాట. ఆ పచ్చదనం వెనక తరచూ కత్తిరింపు ఉంటుంది. కత్తిరించిన ముక్కల్ని సింక్‌లో గానీ, కాలువలో గానీ పోయకండి. డాబా మీద ఎండలో పూర్తిగా ఎండబెట్టి కుండీలో వేయండి, మట్టికి బలం. మే నెల ఎల్‌బీ నగర్ స్లాబ్ మీద ఒక్క మధ్యాహ్నం చాలు. పెరిగిపోయిన సక్కర్ ఫిష్ ఉంటే కొన్న షాపులోనే తిరిగి తీసుకుంటారేమో అడగండి. కొన్ని షాపులు తీసుకుంటాయి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కొరమీను గురించి మాట్లాడుకుందాం.