కటకం ముందు మరో గాజు: రక్షక ఫిల్టర్ చరిత్ర

కెమెరా కటకానికి దుమ్ము, గీతల నుంచి రక్షణగా బిగించే పారదర్శక ఫిల్టర్‌ను మీరు చూసే ఉంటారు. ఆ పేరుతో ఎక్కువగా వాడుతున్నది అతినీలలోహిత ఫిల్టర్. దాని అసలు పని వేరు. ఫిల్ము అతినీలలోహిత కిరణాలకు కూడా స్పందిస్తుంది. అందువల్ల ఎత్తైన కొండలపై తీసిన ఛాయాచిత్రాల్లో దూరపు దృశ్యాలు నీలంగా, మసకగా వచ్చేవి. ఆ కిరణాలను ఫిల్టర్ అడ్డుకునేది.

అయితే పూత లేని గాజు ఒక్కో ఉపరితలం వద్ద సుమారు 4 శాతం కాంతి పరావర్తనం చెందుతుంది. ఫిల్టర్‌కు రెండు ఉపరితలాలు కాబట్టి నష్టం దాదాపు 8 శాతం. అందులో కొంత కాంతి కటకానికి, ఫిల్టర్‌కు మధ్య అటూ ఇటూ తిరిగి చిత్రంలో వెలుగునీడల తేడాను తగ్గిస్తుంది. రాత్రి దృశ్యాల్లో దీపాలకు నకిలీ ప్రతిబింబాలను కలిగిస్తుంది. 1935లో జర్మనీలోని జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా రూపొందించిన పరావర్తన నిరోధక పూత ఈ నష్టాన్ని తగ్గించే దారి చూపింది.

డిజిటల్ కెమెరాల్లో సెన్సర్ ముందున్న పొరలే ఆ కిరణాలను చాలావరకు ఆపుతాయి. పాత అవసరం తగ్గింది. రక్షణే ప్రధాన కారణంగా మిగిలింది. సమతలంగా ఉండి, మంచి పూత ఉన్న ఫిల్టర్ వల్ల స్పష్టత తగ్గడం సాధారణంగా కంటికి తెలియదు. నాసిరకం గాజు దోషం మాత్రం టెలిఫోటో కటకంతో బయటపడుతుంది.

కాబట్టి ఏ పరికరాన్ని అధ్యయనం చేసినా అది ఎందుకు పుట్టింది, ఎందుకు నిలిచింది అనే రెండు ప్రశ్నలనూ విడివిడిగా వేసుకోండి.