మిస్సింగ్: బోటు ఇంజను తడబాటు, దాన్ని పట్టుకునే విద్య

ఇంజనులో ఏదైనా ఒక సిలిండరు తన వంతు వచ్చినప్పుడు మండకుండా దాటిపోతే ఆ లోపాన్ని మిస్‌ఫైర్ అంటారని పుస్తకాలు చెబుతాయి. విశాఖపట్నంలో ఆ మాట ఎవరూ వాడరు. గాజువాక ఆటోనగర్‌లో లారీ ముందు నిలబడినా, ఫిషింగ్ హార్బర్‌లో బోటు కిందికి దిగినా వినిపించేది "మిస్ కొడుతోంది" అన్న మాటే. మిస్ కొట్టే ఇంజను వెంటనే ఆగిపోదు. శబ్దంలో లయ తప్పుతుంది, బోటు ఒళ్ళంతా వణుకుతుంది, రేస్ ఇచ్చినా పికప్ అందదు. లారీ అయితే రోడ్డు పక్కకు తీసి టీ తాగుతూ ఆలోచించవచ్చు. అలల మధ్య బోటుకు ఆ సౌకర్యం లేదు. నీళ్ళలో తిరిగే, బరువు తగ్గని ఫ్యాను (ప్రొపెల్లరు), బలం తగ్గిన ఇంజను కలిసి మనిషిని ఒడ్డుకు దూరంగా నిలబెట్టేస్తాయి. అందుకే బోటు మిస్సింగ్ చరిత్రను లారీ మిస్సింగ్ చరిత్రతో కలిపి చదవాలి, కానీ రెండూ ఒకటేనని అనుకోకూడదు.

నిప్పు కుదరని రోజులు

పెట్రోలు ఇంజను దాదాపు పుట్టగానే నీళ్ళలోకి దిగింది. గాట్‌లీబ్ డైమ్లర్ 1886లో జర్మనీలోని నెకార్ నదిలో ఇంజను పడవ నడిపాడు. ఆయన ఇంజనులో ప్లగ్గు లేదు. మంటతో ఎర్రగా కాల్చిన చిన్న గొట్టమే లోపలి ఇంధనాన్ని రగిలించేది. గొట్టం కాస్త చల్లబడినా, గాలి విసురుకు మంట వంగినా ఇంజను మిస్ కొట్టేది. అది ఎప్పుడు రగలాలో నిర్ణయించే అధికారం మనిషి చేతిలో పూర్తిగా ఉండేది కాదు. రాబర్ట్ బాష్ కంపెనీలో గాట్‌లోబ్ హోనోల్డ్ 1902లో అధిక వోల్టేజి మాగ్నెటోనూ, దానికి జతగా స్పార్క్ ప్లగ్గునూ తయారు చేశాక నిప్పు సమయానికి పడటం మొదలైంది. ఆ రోజు నుంచే మిస్సింగ్‌కు ఒక చిరునామా కూడా ఏర్పడింది. ప్లగ్గు, వైరు, కాయిల్, పాయింట్లు: తప్పు వీటిలో ఎక్కడో ఉంటుంది, వెతకవచ్చు.

1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనక తగిలించే మోటారును అమ్మకానికి తెచ్చాడు. ఒకే సిలిండరు, ఒకటిన్నర గుర్రపు శక్తి, బరువు సుమారు 28 కిలోలు. సిలిండరు ఒకటే కాబట్టి అది మండటం మానేస్తే వెతకాల్సింది ఏమీ ఉండదు, మోటారే ఆగిపోతుంది. సిలిండర్లు రెండు, మూడు, నాలుగు అయ్యాకే "ఏది పట్టడం లేదు?" అన్న ప్రశ్న పుట్టింది. ఈ వ్యాసం మిగతా భాగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బోటులో మిస్సింగ్ ప్రమాదం కూడా. మండని ఇంధనం తప్పు సమయంలో రగిలితే మంట కార్బొరేటరు గుండా వెనక్కి తన్నుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి కారులోలా కిందికి జారి బయటికి పోదు, బోటు అడుగునే పేరుకుంటుంది. 1940 ఏప్రిల్ 25 తర్వాత బోటు లోపల బిగించే పెట్రోలు ఇంజనులకు మంటను ఆపే జాలీ ఉండాలని అమెరికా చట్టం చేసింది ఇందుకే. అడుగున పెట్రోలు వాసన వస్తుంటే ప్లగ్గు ఊడదీసి స్పార్కు చూసే మెకానిక్ ఎంత అనుభవజ్ఞుడైనా ఆ పూటకు అవివేకి.

తెప్పకు మర

విశాఖ తీరంలో జాలరులు, వాడబలిజలు తరతరాలుగా తెప్పలను, నావలను తెడ్డుతో, తెరచాపతో నడిపారు. ఇంజను చేపల వేటకు వచ్చింది స్వాతంత్ర్యం తర్వాతే. 1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్యసమితి మధ్య కుదిరిన ఒప్పందం కేరళ తీరంలో మర బోట్లకు దారి తీసింది. అదే దశకంలో ఆహార వ్యవసాయ సంస్థ నౌకాశిల్పులు మన తీరాలకు చిన్న బోట్ల నమూనాలు గీసి ఇచ్చారు. విశాఖలో పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అని రకరకాల పేర్లతో ట్రాలర్లు వరుసగా వచ్చాయి. 1970ల్లో ఫిషింగ్ హార్బర్ సిద్ధమైంది. 1979లో అదే ఆహార వ్యవసాయ సంస్థ చేపట్టిన బంగాళాఖాత కార్యక్రమం కింద అలలు విరిగే ఒడ్డుకే నేరుగా వచ్చి ఆగే పడవలపై ఆంధ్ర తీరంలో కూడా ప్రయోగాలు జరిగాయి. తర్వాత ఫైబర్ తెప్ప, దాని వెనక మోటారు మామూలైపోయాయి.

ఇంజను వచ్చినంత వేగంగా దాన్ని బాగు చేసే చదువు రాలేదు. 1963లో కొచ్చిలో ప్రారంభమైన కేంద్ర మత్స్య నౌకా శిక్షణ సంస్థ శాఖ విశాఖకు 1981లో వచ్చింది. బోటు నడిపేవారికీ, మెరైన్ ఫిట్టర్లకూ అక్కడ శిక్షణ దొరికింది. కానీ చేతి విద్యలో పెద్ద భాగం ఊళ్ళోనే, లారీల దగ్గరే తయారైంది.

లారీ ఇంజను, మైకో పంపు

1971లో ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారం 1992లో పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితమైంది. ఉక్కు, రేవు రెండూ లారీలను పిలిచాయి. లారీలు ఉన్నచోట మరమ్మతు షెడ్లు తప్పవు. గాజువాక ఆటోనగర్ ఆ కుటుంబంలోది. దాని పెద్దన్న విజయవాడ ఆటోనగర్ 1960ల నాటిది.

బోటుతో దీనికి సంబంధం ఇంజను వల్ల వచ్చింది. మన ట్రాలర్లలో ఎక్కువగా కనిపించే ఇంజనుల్లో అశోక్ లేలాండ్‌వి ఉన్నాయి. లారీ ఇంజనుకే సముద్రపు నీటితో చల్లబరిచే ఏర్పాటు, మెరైన్ గేర్‌బాక్సు తగిలిస్తే బోటు ఇంజను అవుతుంది. దానికి డీజిలు పంచేది బహుకాలం బెంగళూరు మైకో వారి పంపు. బాష్ లైసెన్సుతో 1951లో పుట్టిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, షెడ్లలో "మైకో పంపు" పేరు మారలేదు. లారీ పంపును బెంచి మీద ఎక్కించి కొలిచే చేతికి బోటు పంపు పరాయిది కాదు.

డీజిలు ఇంజనులో ప్లగ్గే లేదు కదా, మరి మిస్సింగ్ ఎలా? గాలిని బాగా నొక్కితే వచ్చే వేడికి డీజిలు తనంతట తానే మండాలి. నాజిల్ చిమ్మకుండా కార్చినా, వాల్వులు సరిగా మూసుకోక ఒత్తిడి తగ్గినా, పైపులో గాలి పట్టినా ఆ సిలిండరు వంతు వృథా. దీన్ని పట్టే పాత పద్ధతి చాలా తెలివైనది, ఖర్చు లేనిది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త సడలిస్తారు. పని చేస్తున్న సిలిండరు నట్టు సడలిస్తే ఇంజను ఇంకా కుంటుతుంది. ఏ నట్టు సడలించినప్పుడు శబ్దం మారలేదో, దొంగ అక్కడే. వైద్యులు రోగ కారణం వెతకడాన్ని నిదానం అంటారు. తొందర లేకపోవడమూ నిదానమే. ఈ పనికి రెండు అర్థాలూ కావాలి, ఎందుకంటే ఒక్కో నట్టు తర్వాత ఇంజను కుదురుకునే దాకా ఆగి వినాలి.

దొంగ దొరికాక నాజిల్‌ను పక్క సిలిండరు నాజిల్‌తో మార్చి చూస్తారు. తడబాటు నాజిల్‌తో పాటు వెళ్ళిపోతే నాజిల్‌దే తప్పు. అక్కడే ఉండిపోతే పంపునో, వాల్వునో, రింగులనో చూడాలి. పొగ కూడా సాక్ష్యమే. నల్ల పొగ సరిగా మండని డీజిలుది, నీలి పొగ ఆయిలుది, తెల్ల పొగ మండని డీజిలుదో లోపలికి చేరిన నీళ్ళదో. అయితే ఎగ్జాస్టులోకే సముద్రపు నీరు వదిలే బోట్లలో ఆవిరి తెల్లపొగలా కనిపించి మోసం చేస్తుంది. లారీ మెకానిక్ మొదటిసారి బోటు ఎక్కితే పొరపడేది ఇక్కడే. రెండో పొరపాటు ఇంకా సామాన్యం. ఫ్యానుకు వల తాడు చుట్టుకుంటే ఇంజను బరువెక్కి, నల్ల పొగ వదిలి, అచ్చం మిస్ కొడుతున్నట్టే మూలుగుతుంది. ఇంజను విప్పే ముందు వెనక్కి వంగి నీళ్ళలోకి చూడటం మేలు.

షికారు బోటు జబ్బు

రుషికొండ తీరంలో సందర్శకులను తిప్పే స్పీడ్ బోట్ల లాంటివాటి సంగతి వేరు. వేట బోటు పని ఎక్కువై చెడిపోతుంది, షికారు బోటు పని లేక చెడిపోతుంది. సముద్రం పోటెత్తిన రోజుల్లో బోటు వారాల తరబడి ఒడ్డునే ఉంటుంది. కార్బొరేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. జెట్ రంధ్రం వెంట్రుక మందం మూసుకున్నా చాలు, ఆ సిలిండరుకు ఇంధనం అందదు. దీనికి తోడు మన పెట్రోలులో ఇథనాల్ వాటా 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్‌కు తడి అంటే ప్రాణం. సముద్రపు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, మోతాదు మించితే నీళ్ళతో కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతుంది. ఇంజను తాగేది అడుగు నుంచే. ప్లగ్గు ఎన్నిసార్లు మార్చినా ఈ మిస్సింగ్ పోదు. ఫిల్టరు గిన్నెలో ఇంధనాన్ని గాజు సీసాలోకి వంపి కాసేపు ఉంచితే రెండు పొరలుగా విడిపోయి కనిపిస్తుంది.

వెనక తగిలించే మోటారులో మరీ చిన్న కారణాలు మనిషిని ఎక్కువ ఏడిపిస్తాయి. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తిప్పడం మరిస్తే పది నిమిషాలు చక్కగా నడిచి, లోపల శూన్యం ఏర్పడి, మిస్ కొట్టి ఆగుతుంది. మూత తీయగానే మళ్ళీ నడుస్తుంది. దెయ్యం పట్టిందనుకునేవాళ్ళూ ఉంటారు. గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడగ గట్టిపడకుండా మెత్తగా ఉండిపోతే ఎక్కడో గాలి చొరబడుతోందని అర్థం. ప్లగ్గులు వరుసగా తీసి పక్కపక్కన పెడితే అవే కథ చెబుతాయి. కాఫీ రంగు ఆరోగ్యం, తడి నలుపు నిప్పు పడలేదనడానికి గుర్తు, ఒక్కటే మెరిసేంత శుభ్రంగా ఉంటే ఆ సిలిండరులోకి నీళ్ళు చేరుతున్నాయేమోనని అనుమానించాలి. ఒడ్డున పరీక్షించేటప్పుడు మోటారు కాలును నీళ్ళ డ్రమ్ములో ముంచాలి. పొడిగా తిప్పితే నీళ్ళ పంపు రబ్బరు చక్రం క్షణాల్లో కాలుతుంది. డ్రమ్ములో బాగున్న ఇంజను బరువు మీద మళ్ళీ మిస్ కొట్టవచ్చు కాబట్టి చివరి పరీక్ష నీళ్ళలోనే.

వేట బోట్లకూ ఈ షికారు జబ్బు ఏటా ఒకసారి తగులుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల్లో సగం నిండిన ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి నీళ్ళుగా దిగుతుంది, డీజిలుకూ నీటికీ మధ్య నాచు లాంటి జిగట పెరుగుతుంది. నిషేధంలోకి వెళ్ళే ముందు ట్యాంకు నిండా నింపడం, బయటికి వచ్చేటప్పుడు అడుగు నీరు వదిలేయడం చాలా జబ్బులను ముందే ఆపుతాయి.

కంప్యూటరు వచ్చాక

1960ల చివరికల్లా బోటు మోటార్లలో పాయింట్ల స్థానంలోకి ఎలక్ట్రానిక్ నిప్పు రావడం మొదలైంది. ఉప్పుగాలికి తుప్పుపట్టే పాయింట్ల బాధ తగ్గింది, గీకి సరిచేసే అవకాశమూ పోయింది. ఎలక్ట్రానిక్ నిప్పు డబ్బా చెడితే పారేయాల్సిందే. 1996 నుంచి అమెరికా కార్లలో తప్పనిసరైన కోడ్ల పద్ధతిలో పీ0301 అంటే ఒకటో సిలిండరు మిస్ కొడుతోందని. ఆ కోడ్లు చదివే స్కానర్లు ఆటోనగర్లకు వచ్చి చాలా కాలమైంది. బోటు మోటారు కంపెనీలు మాత్రం చాలావరకు ఎవరి కనెక్టరు, ఎవరి సాఫ్ట్‌వేర్ వాళ్ళకే ఉంచుకున్నాయి.

డీజిలులో అన్ని నాజిళ్ళకూ ఒకే గొట్టం నుంచి ఇంధనం పంచే కామన్ రైల్ వచ్చాక పాత నట్టు పద్ధతి చెల్లదు. పాత నాజిల్ సుమారు 200 బార్ దగ్గర తెరుచుకునేది, కొత్త రైలులో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. నట్టు సడలిస్తే చిమ్మే డీజిలు సూదిలా చర్మంలోకి దిగుతుంది. కాబట్టి ఇప్పుడు సిలిండర్లను ఒక్కొక్కటిగా ఆపి చూసే పని స్కానరే చేస్తుంది, వినాల్సింది మాత్రం మళ్ళీ అదే తేడా. పెట్రోలు మోటారులో రెండో సిలిండరు కోడు వస్తే దాని కాయిల్‌ను మూడోదానికి మార్చి మళ్ళీ నడుపుతారు. ఈసారి తెర మీద మూడు అని పడితే కాయిల్ కొనాలి, రెండే అని పడితే ప్లగ్గో ఇంజెక్టరో విప్పాలి.