చందానా, మహసూలా?

ఉర్దూలో చందా వేరు, మహసూల్ వేరు. చందా దిల్ ఒప్పుకుంటే ఇచ్చేది. మసీదు మరమ్మతుకి ఇస్తాం, బీద పిల్ల షాదీకి ఇస్తాం. ఇవ్వకపోతే కాస్త మొహమాటం, అంతే. మహసూల్ అలా కాదు, ఇష్టం ఉన్నా లేకపోయినా హుకూమత్ వసూలు చేసుకుంటుంది. మూడోది ఉజ్రత్, అంటే మన కోసం చేసిన పనికి మనం ఇవ్వాల్సిన కూలి. అమెరికాలో సర్కారీ ఉద్యోగుల యూనియన్ ఫీజు మీద నలభై ఏళ్లకు పైగా నడిచిన ముకద్దమాలు చదువుతుంటే ఈ మూడు మాటలే నా బుర్రలో తిరిగాయి. అక్కడి జడ్జీలు తేల్చుకోలేకపోయింది కూడా ఇదే, ఆ ఫీజు వీటిలో ఏది అని.

ముందు అక్కడి ఇంతెజామ్ తెలియాలి. మన దగ్గర ఒకే డిపోలో, ఒకే ఆఫీసులో నాలుగైదు యూనియన్లు ఉంటాయి. నచ్చినదాంట్లో చేరతాం. తన్ఖాలోంచి దాని చందా కోయాలంటే మనం రాసి సంతకం పెట్టాలి. అమెరికాలో మెజారిటీ ఉద్యోగులు ఎన్నుకున్న ఒక్క యూనియనే అందరి తరఫునా బేరమాడుతుంది. అందులో చేరనివాడికీ అదే తన్ఖా పెంపు, అవే సెలవులు. వాడి మీద ఆఫీసరు చర్య తీసుకుంటే వాడి తరఫునా నిలబడాల్సింది ఆ యూనియనే.

చేరనివాడి తరఫున కూడా నిలబడాలన్న జిమ్మేదారీ ఎక్కడినుంచి వచ్చిందో చాలామంది రాయరు. నాకు ఈ కథ మొత్తంలో అసలు ఘట్టం అదే.

బెస్టర్ విలియం స్టీల్ అలబామాలో లూయిస్‌విల్ అండ్ నాష్‌విల్ రైల్వేలో ఫైర్‌మన్. బొగ్గు ఇంజను ముందు నిలబడి ఒళ్లు కాల్చుకునే పని. నల్లజాతివాడు. ఫైర్‌మెన్ యూనియన్ నల్లవాళ్లని మెంబర్లుగా చేర్చుకునేది కాదు. కానీ చట్టం ప్రకారం వాళ్ల తరఫున కంపెనీతో మాట్లాడే హక్కు మాత్రం ఆ యూనియన్‌దే. ఆ హక్కుతో ఏం చేసిందో చూడండి. 1941లో కంపెనీతో ఒప్పందం రాసుకుంది: ఏ విభాగంలోనూ ఫైర్‌మెన్‌లో సగానికి మించి నల్లవాళ్లు ఉండకూడదు. స్టీల్ చేస్తున్న ఉద్యోగం తీసుకెళ్లి తనకంటే జూనియర్లయిన తెల్లవాళ్లకిచ్చారు. అతన్ని ఎక్కువ కష్టం, తక్కువ కూలి ఉన్న పనిలోకి తోశారు. వకాలత్ చేసి ఈ జుల్మ్ చేసింది కంపెనీ కాదు, తన పేరు మీద మాట్లాడాల్సిన యూనియనే.

అలబామా అదాలత్‌లో ఓడిపోయాడు. సుప్రీంకోర్టులో అతని వకీల్ చార్ల్స్ హ్యామిల్టన్ హ్యూస్టన్, థర్‌గుడ్ మార్షల్‌కి లా నేర్పిన ఉస్తాద్. 1944 డిసెంబరులో ఫైస్లా వచ్చింది. అందరి తరఫునా మాట్లాడే అధికారం చట్టం నీకిచ్చింది గనక, మెంబరైనా కాకపోయినా, ఏ రంగువాడైనా, ఇన్సాఫ్‌తో మాట్లాడాల్సిందే అని యూనియన్‌కి చెప్పింది. చేర్చుకోమని మాత్రం చెప్పలేదు. ఆ తలుపు ఇంకా చాలా ఏళ్లు మూసే ఉంది.

యూనియన్లు ఈ ఫైస్లాని తర్వాత తమ దలీల్‌గా మార్చుకున్నాయి. అందరి బరువూ మేం మోయాలన్నప్పుడు ఖర్చులో అందరూ హిస్సా ఇవ్వాలి కదా? రైల్వేల్లో అలాంటి వసూలు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1956లో ఒప్పుకుంది. అయితే రైల్వే కంపెనీ ప్రైవేటుది. సర్కారే యజమాని అయిన చోట సంగతేమిటి? సర్కారీ నౌకర్లకి యూనియన్ హక్కే అప్పటికి కొత్త. విస్కాన్సిన్ 1959లో మొదలుపెట్టింది. 1962లో కెన్నెడీ ఫెడరల్ ఉద్యోగులకి ఇచ్చాడు.

దక్షిణాది రాష్ట్రాల్లో అదీ లేదు. మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే మజ్దూర్లు దాదాపు అందరూ నల్లజాతివాళ్లు. 1968 ఫిబ్రవరి 1న వాన తప్పించుకోడానికి చెత్త లారీ వెనక భాగంలోకి ఎక్కిన ఇద్దరు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, దాని యంత్రంలో నలిగి చనిపోయారు. 12వ తేదీన దాదాపు 1300 మంది పని ఆపేశారు. వాళ్ల డిమాండ్లలో కూలి పెంపుతోపాటు రెండున్నాయి: యూనియన్‌ని గుర్తించాలి, చందాని సిటీయే తన్ఖాలోంచి కోసి ఇవ్వాలి. మేయర్ హెన్రీ లోబ్ ఆ రెండింటికీ ససేమిరా అన్నాడు. చందా కోత అంత పెద్ద విషయమా అని మనకనిపిస్తుంది. ఇంటింటికీ తిరిగి, పిల్లల పాలకే చాలని కూలీ చేతిలోంచి నెలనెలా వసూలు చేసే యూనియన్ ఎన్నాళ్లు బతుకుతుంది? అది లోబ్‌కీ తెలుసు, మజ్దూర్లకీ తెలుసు. మెడలో 'నేను మనిషిని' అన్న అట్టలు వేసుకుని నడిచారు. వాళ్లకి మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అక్కడే హత్యకి గురయ్యాడు. 16న ఒప్పందం కుదిరింది. చందా నేరుగా సిటీ నుంచి కాకుండా ఉద్యోగుల క్రెడిట్ యూనియన్ ద్వారా వెళ్లేలా రాసుకున్నారు. మేయర్ ఇజ్జత్ కోసం వెతికిన దొడ్డిదారి అది.

ఒక సంగతి మాత్రం గమనించాలి. మెంఫిస్‌లో అడిగింది ఇష్టపడి ఇచ్చేవాళ్ల చందా. ఇవ్వనంటున్నవాడి నుంచి కోత అడగలేదు. ఆ రెండోది డెట్రాయిట్ టీచర్ల కేసులో వచ్చింది. డి. లూయిస్ అబూడ్ అనే టీచరూ తోటివాళ్లూ ఇవ్వమన్నారు. 1977లో సుప్రీంకోర్టు మధ్యేమార్గం చెప్పింది: బేరసారాల ఖర్చుకి ఫీజు తీసుకోవచ్చు, యూనియన్ సియాసత్ ఖర్చుకి మాత్రం ఒప్పుకోనివాడి దగ్గర తీసుకోకూడదు. అంటే ఉజ్రత్ జాయిజ్, మహసూల్ కాదు.

ఆ గీత నలభై ఒక్క ఏళ్లు నిలిచింది. 2016లో కాలిఫోర్నియా టీచర్ల కేసులో చెరిగిపోయేదే. జస్టిస్ స్కాలియా మధ్యలో చనిపోవడంతో 4-4 అయి ఆగింది. తర్వాత ఇల్లినాయ్ సర్కారీ ఉద్యోగి మార్క్ జానస్ వచ్చాడు. నెలకి దాదాపు 45 డాలర్లు కోస్తున్నారు, ఆ యూనియన్ మాట నా మాట కాదు అన్నాడు. 2018 జూన్ 27న 5-4తో గెలిచాడు. జస్టిస్ అలీటో దలీల్ ఇది: సర్కారుతో తన్ఖా బేరమంటేనే బడ్జెట్ గురించి, పన్నుల గురించి మాట్లాడడం, అదంతా సియాసతే, కాబట్టి పాత గీతకి అర్థం లేదు. జస్టిస్ కేగన్ గట్టిగా విభేదించింది. జానస్‌కి ఎదురు నిలబడ్డ యూనియన్ ఆఫ్స్‌మీ, మెంఫిస్ మజ్దూర్ల యూనియనే. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత.

అలీటో దలీల్‌ని నేను తేలిగ్గా కొట్టేయలేను. అకల్లియత్‌లో పుట్టినవాళ్లకి, తమ పేరు మీద వేరెవరో మాట్లాడటం, దానికి తమ జేబే కోయడం ఎంత మండుతుందో చెప్పక్కర్లేదు. జమీర్ చిన్న విషయం కాదు. అయినా స్టీల్ కూడా అకల్లియతే కదా. అతనికి కావాల్సింది యూనియన్ నుంచి విడుదల కాదు, తన బరువు కూడా అది మోయడం. మోసేవాడికి కూలి లేదని తీర్పిచ్చాక ఆ బరువు ఎన్నాళ్లు మోస్తారన్నదే నా భయం.

ఆ భయానికి జవాబు అలీటో ఫైస్లాలోనే ఉంది. చేరనివాళ్ల వ్యక్తిగత ఫిర్యాదులకి యూనియన్లు విడిగా డబ్బు అడగొచ్చు, లేదా అసలు వాళ్ల తరఫున నిలబడకపోవచ్చు అని సూచించాడు. న్యూయార్క్ రాష్ట్రం ఆ తీర్పు రాకముందే, 2018 ఏప్రిల్‌లో, చేరనివాళ్లకి కొన్ని సేవలు ఆపేసే వీలు యూనియన్లకిస్తూ చట్టం మార్చుకుంది. మార్చినవాళ్లు యూనియన్ల దోస్తులే.