కాడకళ్ల ఈగలు

తలకు రెండు పక్కలా సన్నని కాడలు, ఒక్కో కాడ కొసన ఒక్కో కన్ను. కాడకళ్ల ఈగను మొదటిసారి చూసినవారికి ఇది అసలు ఈగేనా అన్న అనుమానం వస్తుంది. ఈగే. ఎగిరే రెక్కలు ఒక్క జతే. వెనక రెక్కలు ఉండాల్సిన చోట గుండుసూది తలల్లాంటి బొడిపెలు ఉంటాయి. ఎగిరేటప్పుడు ఒరిగిపోకుండా కాచేవి ఇవే. కందిరీగకు, తేనెటీగకు రెక్కలు రెండు జతలు.

ఇవి డయాప్సిడే కుటుంబానికి చెందినవి. డయాప్సిస్ అనే ప్రజాతికి 1775లో పేరు పెట్టినవాడు లిన్నేయస్. ఆఫ్రికా, ఆసియా ఉష్ణమండలాల్లో ఎక్కువ. డయాప్సిస్ ఇండికా మన దేశంలోనూ ఉంది. వాగుల ఒడ్డున, తేమగా ఉండే నీడలో, తక్కువ ఎత్తు మొక్కల ఆకుల మీద కనిపిస్తాయి. పిల్లపురుగులు చాలావరకు కుళ్లిన ఆకూ అలమూ తిని పెరుగుతాయి. ఆఫ్రికాలో మాత్రం కొన్ని జాతులు వరి కాండాన్ని తొలుస్తాయి.

కాడలు చూసి కుటుంబం తేల్చేస్తే పొరపాటే. న్యూగినీలోని అకియాస్ ఈగల్లో మగవాటికీ కళ్లు కాడల మీదే ఉంటాయి. హవాయిలోని డ్రోసోఫిలా హెటెరోన్యూరా మగ ఈగ తల సుత్తిలా వెడల్పు. వీటిలో మీసాలు మామూలుగా ముఖం మధ్యనే మొలుస్తాయి. డయాప్సిడే ఈగల్లో మీసాలూ కళ్లతోపాటు కాడ మీదికి జరిగి, కంటికి చేరువలో ఉంటాయి. అసలు గుర్తు ఇదే. పైగా ఇక్కడ కాడలు ఆడవాటికీ ఉంటాయి. వీపు చివర రెండు ముళ్లు, ముందుకాళ్లకు బలిసిన తొడలు ఉంటే ఇక సందేహం అక్కర్లేదు.

కోశం నుంచి బయటపడ్డప్పుడు ఈ కాడలు మెత్తగా, ముడుచుకుని ఉంటాయి. ఈగ గాలి మింగి తలలోకి నెడుతుంది. బుడగ ఊదినట్టు కాడలు సాగి, కాసేపటికి గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడ్డాక మరి పెరగవు. మలేసియాలోని టెలియాప్సిస్ డాల్మన్నీలో మగవాటి కాడలు ఆడవాటికన్నా పొడవు. రెండు మగ ఈగలు ముఖాముఖి నిలబడి కాడల పొడవు కొలుచుకుంటాయి, పొట్టిదే సాధారణంగా తప్పుకుంటుంది. ఆడ ఈగలు కూడా పొడుగు కాడలవాడివైపే మొగ్గుతాయి.

ఇలాంటి ఈగ కనబడితే పైనుంచి ఒక ఫొటో, ముఖానికి ఎదురుగా ఇంకొకటి తీయండి. మీసం ఎక్కడ మొలిచిందో ఎదురు ఫొటోలోనే తేలుతుంది.