పొలము వెల, పనిపాటుల వెల

శ్రీరంగాపూర్‌లో శ్రీరంగనాయకస్వామికి వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దిలో ఆలయము కట్టించిరి. దాని ప్రక్కనే నీరు నిలిచియున్నది. దేవుని చెంతనే చెరువుండుట ఈ సీమలో వింత కాదు. చెరువు నిండినగాని ఊరు నిలువదని పెద్దలెరుగుదురు. చెరువు క్రింది మడి ఒక్కని పేర నున్నను, దాని పంట ఒక్కని ఇంటికి చేరెడిది కాదు. నాటు వేసిన ఆడుకూలికి, నీరు కట్టిన నీరటికానికి, నాగలి చెక్కిన వడ్రంగికి, కొడవలికి పదును పెట్టిన కమ్మరికి కళ్ళములోనే గింజలు కొలిచెడివారు. కౌలుదారునికి ఒక పాలు, పశువులకు గడ్డి, పేదరాలికి పరిగె. ఇన్ని పాళ్ళుండినను పట్టాకాగితములో నుండునది ఒక్క పేరే. పొలము పట్టణము పాలగునపుడు పుట్టు చిక్కెల్ల ఇచ్చటనే యున్నది.

ఈ చిక్కు తెలుగునాట మిక్కిలి విరివిగా కనబడిన చోటు హైదరాబాదు పొలిమేర. 1591లో వెలసిన ఆ నగరము చాలకాలము తోటలతోను, చెరువులతోను చుట్టబడియుండెను. 20వ శతాబ్దిలో ఆ ప్రాంతము ద్రాక్షకు పేరొందినది. అనాబ్‌షాహీ అను రకము ఆ నగరము పేరనే ప్రసిద్ధికెక్కెను. ద్రాక్షతోట యనగా ఊరక పెరుగునది కాదు. రాతికంబములు నాటి, తీగ లాగి, పందిరి వేయవలెను. ఏటేట కొమ్మలు కత్తిరింపవలెను. ఎరువు, నీరు, కాపలా, కోత, గంపలకెత్తుట — ప్రతి పనికిని మనుష్యుడు కావలెను. ఒక్క తోట ఎన్ని పొయ్యిలు వెలిగించెనో చెప్పనక్కరలేదు.

1960 దశకమున నగరము చుట్టును పెద్ద కర్మాగారములు లేచెను. వానిలో ఎందరికో నెలజీతములు దొరకినవి. ఆ మేలును కాదనుట న్యాయము కాదు. తరువాత 1998లో మాదాపురమున సైబర్ టవర్స్, 2008లో శంషాబాదు వద్ద సుమారు 5,500 ఎకరములలో విమానాశ్రయము, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి వచ్చెను. ద్రాక్షతోటలు క్రమముగా కనుమరుగైనవి. భూగర్భజలము క్రుంగుట, అకాలవర్షములు, పెరిగిన ఖర్చులు కూడ కారణములే. అయినను గట్టి దెబ్బ తీసినది భూమి ధర. పంటనుబట్టి ధర కట్టుకాలము పోయి, రేపు ఎంతకమ్ముడుపోవునో యనుదానిని బట్టి ధర పలుకు కాలము వచ్చెను. తోట ఏడాదికి తెచ్చు రాబడి, తోటనమ్మగా వచ్చు సొమ్ముపై వడ్డీకి సరితూగదాయెను. అట్టి స్థితిలో అమ్మిన రైతును నిందింపరాదు. లెక్క తెలిసినవాడెవ్వడైనను అట్లే చేయును.

కాని అమ్మినవాని లెక్క వేరు, ఆ పొలముపై బ్రతికినవాని లెక్క వేరు. అమ్మినవానికి మూల్యము ముట్టెను. కౌలుదారునికి రేపటినుండి కౌలుకు నేల లేదు. కూలికి కోత లేదు. వడ్రంగికి నాగలి లేదు. నష్టము అంతటితో ఆగలేదు. నగరము చెంత ఎకరమమ్మినవారిలో పలువురు దూరపు జిల్లాలలో పదియెకరములు కొనసాగిరి. దానివలన ఎన్నడును పట్టణము ముఖము చూడని ఊళ్ళలో సైతము భూమి ధర సేద్యగాని అందుబాటు దాటిపోయెను. చెమటోడ్చి రెండెకరములు కొనవలెనను కౌలుదారుని ఆశ అక్కడనే ఆరిపోయెను.

ఈ కథలో పాలమూరునకు రెండు పాత్రలు గలవు. దేశమందలి ఆనకట్టల వద్ద మట్టి మోసినట్లే, పాలమూరు కూలీలు ఆ నగరపు మేడలకును మట్టి మోసిరి. ద్రాక్షపందిళ్ళు పోయినచోట పునాదులు త్రవ్వినవారిలో తమ ఊరి చేలకు నీరు లేక వలసపోయినవారే మెండు.

చట్టమేమి చేసెనో చూడవలెను. 1894 నాటి భూసేకరణ చట్టము భూమిపై హక్కు గలవారికే పరిహారము చెప్పెను. 2014 జనవరి 1 నుండి అమలైన 2013 చట్టము మరియొక అడుగు వేసెను. భూమి లేకున్నను, సేకరణకు మూడేండ్లు ముందునుండి ఆ భూమిపై ఆధారపడిన కూలీలు, కౌలుదారులు, చేతివృత్తులవారు గూడ బాధిత కుటుంబములే యని అది ఒప్పుకొనెను. నూట ఇరువది ఏండ్లకు వచ్చిన తెలివి! అయితే అది ప్రభుత్వము సేకరించు భూములకే ముఖ్యముగా వర్తించునది. రైతు తన ఎకరమును ఇష్టముతో ప్లాట్ల వ్యాపారికి అమ్ముకొన్నచోట దానికి ప్రవేశము లేదు. 2018లో మొదలైన రైతుబంధు సాయము కూడ పట్టాదారునికే చేరెను గాని కౌలుదారునికి చేరలేదు.

2016 అక్టోబరులో వనపర్తి జిల్లా ఏర్పడెను, శ్రీరంగాపూర్ మండలకేంద్రమాయెను. భీమా ఎత్తిపోతల పథకమున రంగసముద్రము జలాశయమాయెను. కార్యాలయము వచ్చినను, కాలువ వచ్చినను, బాట వెడల్పైనను నేలకు ధర ఎక్కుట సహజము. నీరు వచ్చిన నేలకును, ప్లాటుకు అనువైన నేలకును ఒకేమారు గిరాకి పుట్టునపుడు ఏది గెలుచునో హైదరాబాదు చుట్టుప్రక్కల ఊళ్ళు చూచియున్నవి. నేడును విక్రయపత్రములో అమ్మువాని పేరు, కొనువాని పేరు, విస్తీర్ణము, నాలుగు దిక్కుల హద్దులు వ్రాయుదురు. ఆ మడిలో నాటు వేసినవారి పేరు వ్రాయుటకు అందులో గడి లేదు.