బాలాపురపు పూతలు

హైదరాబాదులోని కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి కోవెలకు అనతిదూరమున, బాలాపురమున, 1997లో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగపు అండతో స్వయంప్రతిపత్తి గల పరిశోధనా సంస్థగా రూపొందిన ఏఆర్‌సీఐ, లోహములకు కవచము తొడుగు విద్యను శ్రద్ధతో పెంపొందించినది. అందు మిక్కిలి ఆశ్చర్యకరమైనది విస్ఫోటన పూత: పొడవాటి గొట్టములో ఆమ్లజని, ఎసిటిలీనుల మిశ్రమమును నిప్పురవ్వతో ప్రేల్చగా, ఆ తరంగము టంగ్‌స్టన్ కార్బైడు పొడిని ధ్వనివేగమును మించిన వడితో విసరును, రేణువులు లోహతలమును తాకి, అప్పడములవలె చదునై, ఒకదానిపై నొకటి పేరుకొని గట్టిపొరగా నిలుచును. అంతలో నత్రజని గొట్టమును శుభ్రపరచును, మరల ప్రేలుడు. 1950ల నాటి అమెరికాలో పుట్టి, సోవియట్ దేశమున వేరుగా నెదిగిన ఈ పద్ధతిని నేర్చి, ప్రయోగశాల గోడలు దాటించి, ఇచ్చటి పరిశ్రమల చేతికి అందించుటయే, నా దృష్టిలో, ఆ సంస్థ చేసిన మహోపకారము. పంపుల ఇరుసులు, కవాటములు ఆ పూతతో అరుగుదలను తట్టుకొని చిరకాలము పనిచేయుచున్నవి.