కారు రిమోట్ తాళంచెవి

కారు రిమోట్ తాళంచెవి అనగా కారు తలుపులను కొంత దూరం నుండి రేడియో సంకేతాల ద్వారా మూయడానికి, తెరవడానికి ఉపయోగపడే చిన్న పరికరము. వాడుకలో దీనిని రిమోట్ కీ అని, లేదా కేవలం రిమోట్ అని అంటారు. ఇది పనిచేయడం మానివేసినపుడు తాళంచెవి మొత్తం పాడయినదని భావించి చాలామంది కొత్తదానికి వేల రూపాయలు ఖర్చు చేస్తారు. నిజానికి ఒకే ప్లాస్టిక్ డొప్పలో మూడు వేరువేరు ఏర్పాట్లు ఇమిడి ఉంటాయి. ఒకటి చెడినంత మాత్రాన మిగిలిన రెండూ చెడవు. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరాలలో ఉప్పుగాలి, తేమ కారణంగా ఈ పరికరాలకు వచ్చే ఇబ్బందులు కొంత ప్రత్యేకమైనవి.

నిర్మాణము

మొదటిది లోహపు తాళంచెవి. ఇది తలుపు తాళాన్ని చేతితో తిప్పడానికి పనికివస్తుంది. బటన్ నొక్కి ఇంజన్ స్టార్టు చేసే కార్లలో కూడా రిమోట్ లోపల సన్నని తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది. దాని కన్నము తలుపు పిడి దగ్గర, కొన్ని కార్లలో ఒక మూత క్రింద ఉంటుంది. ఈ సంగతి తెలియక కారు బయట గంటల తరబడి నిలబడేవారున్నారు.

రెండవది ఇమ్మొబిలైజర్ చిప్. దొంగ తాళంచెవితో ఇంజన్ స్టార్టు కాకుండా ఆపేది ఇదే. దీనికి బ్యాటరీ అవసరం లేదు. స్టీరింగ్ వద్ద తాళం చుట్టూ ఉండే తీగచుట్ట నుండి వెలువడే అయస్కాంత క్షేత్రము ద్వారా, సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యము వద్ద, ఇది తనకు కావలసిన శక్తిని గ్రహించి తన గుర్తింపు సంఖ్యను తెలియజేస్తుంది.

మూడవది రేడియో ప్రసారిణి. బటన్ సెల్‌తో పనిచేసే భాగము ఇదొక్కటే. భారతదేశంలో అమ్మే కార్లలో ఎక్కువగా 433.92 మెగాహెర్ట్జ్, ఉత్తర అమెరికాలో 315 మెగాహెర్ట్జ్ వాడుకలో ఉన్నాయి.

చరిత్ర

చేతిలో ఇమిడే రిమోట్‌తో తలుపులు తెరిచే ఏర్పాటు 1982లో ఫ్రాన్సు దేశపు రెనో ఫ్యూగో కారులో వచ్చింది. దీనిని రూపొందించినవాడు పాల్ లిప్షుట్జ్. అతని పేరులోని అక్షరాల వలననే ఫ్రాన్సులో ఈ పరికరానికి ప్లిప్ అనే పేరు వచ్చింది.

మారే సంకేతము

రిమోట్ ప్రతిసారీ ఒకే సంకేతాన్ని పంపితే దానిని ఎవరైనా గాలిలో పట్టి తిరిగి ప్రసారం చేసి తలుపు తెరవవచ్చును. అందువలన బటన్ నొక్కినపుడల్లా సంకేతము మారే పద్ధతి ఏర్పడింది. ఇటువంటి వాటిలో ప్రసిద్ధమైన కీలాక్ దక్షిణాఫ్రికాలో తయారై, 1995లో మైక్రోచిప్ కంపెనీ చేతికి వచ్చింది. ఇందులో రిమోట్ వద్ద ఒక లెక్క, కారు వద్ద ఒక లెక్క నడుస్తూ ఉంటాయి. కారుకు దూరంగా ఉండి బటన్ నొక్కితే రిమోట్ లెక్క ముందుకు పోతుంది, కారు లెక్క అక్కడే ఆగుతుంది. కీలాక్ మామూలు అమరికలో తేడా 16 లోపు ఉంటే కారు సర్దుకొంటుంది. అంతకు మించితే వరుసగా రెండుసార్లు నొక్కినపుడు మాత్రమే అంగీకరిస్తుంది. ఇంట్లో పసిపిల్లలు రిమోట్‌ను ఆటవస్తువుగా చేసుకొన్న మరునాడు కారు మొదటి నొక్కుకు పలకకపోవడానికి ఇదొక కారణము కావచ్చును. కొన్ని కార్లలో తాళంచెవిని స్టీరింగ్ తాళంలో పెట్టి ఆన్ చేసి బటన్ నొక్కవలసి ఉంటుంది.

బజారులో దొరికే కాపీ రిమోట్లు స్థిరమైన సంకేతాన్ని మాత్రమే అనుకరించగలవు. గేట్లకు, పాత అలారములకు పనికివచ్చినా, మారే సంకేతము గల కారుకు ఇవి వృథా.

లోపమును గుర్తించుట

మొదట లోహపు తాళంచెవితో తలుపు తెరిచి ఇంజన్ స్టార్టు చేసి చూడవలెను. ఇంజన్ స్టార్టు అయితే ఇమ్మొబిలైజర్ చిప్, కారు బ్యాటరీ రెండూ బాగున్నట్లే. లోపము రేడియో భాగములోనో, దానిని అందుకొనే కారు భాగములోనో ఉన్నది. ఇంజన్ అసలు తిరగక, లోపలి దీపాలు కూడా వెలగకపోతే తప్పు రిమోట్‌ది కాదు, కారు యొక్క 12 వోల్టుల బ్యాటరీది. ఇంజన్ తిరిగినా అందుకోక, డ్యాష్‌బోర్డుపై తాళంచెవి బొమ్మ మిణుకుతూ ఉంటే చిప్‌ను కారు గుర్తించడం లేదని అర్థము. బటన్ సెల్ మార్చినంత మాత్రాన ఇది బాగుపడదు.

తరువాత రెండవ తాళంచెవిని ప్రయత్నించవలెను. అది పనిచేస్తే కారు నిర్దోషి. రెండూ ఒకేసారి పనిచేయకపోతే కారులోని ఫ్యూజును, తలుపు తాళాల మోటార్లను అనుమానించవలెను.

బటన్ సెల్ విషయంలో సంఖ్యలు ముఖ్యము. సి.ఆర్. 2032 అనగా 20 మిల్లీమీటర్ల వ్యాసము, 3.2 మిల్లీమీటర్ల మందము. సి.ఆర్. 2025 మందము 2.5 మిల్లీమీటర్లు, సి.ఆర్. 2016 మందము 1.6 మిల్లీమీటర్లు. అన్నీ 3 వోల్టులవే కనుక ఒకదాని బదులు మరొకటి పెట్టడం జరుగుతుంటుంది. పలుచని సెల్ పెడితే రేకు సరిగా తాకక రిమోట్ ఒకసారి పనిచేసి ఒకసారి మానుతుంది. మల్టీమీటరుతో చూసినపుడు కొత్త సెల్ 3 వోల్టులు, అంతకు కొద్దిగా ఎక్కువ చూపుతుంది. అయితే అరిగిపోయిన సెల్ కూడా ఊరికే ఉన్నపుడు బాగానే చూపి, బటన్ నొక్కగానే పడిపోతుంది. కారుకు మరీ దగ్గరగా వెళితేనే రిమోట్ పలకడం సెల్ బలహీనపడినదనడానికి మంచి గుర్తు.

టి.వి. రిమోట్‌ను మొబైల్ ఫోను కెమెరా ముందు నొక్కి వెలుగు చూసే ఉపాయము ఇక్కడ పనికిరాదు. అది పరారుణ కిరణాలకు వర్తిస్తుంది, కారు రిమోట్ వాడేది రేడియో తరంగాలను.

బటన్ నొక్కి ఇంజన్ స్టార్టు చేసే కార్లలో సెల్ పూర్తిగా అయిపోయినా, చాలా రకాలలో రిమోట్‌ను స్టార్టు బటన్‌కు ఆనించి నొక్కితే ఇంజన్ స్టార్టు అవుతుంది. ఇమ్మొబిలైజర్ చిప్‌కు సెల్ అవసరం లేకపోవడమే ఇందుకు కారణము. చిప్‌ను ఆనించవలసిన చోటు కారును బట్టి మారుతుంది. దానిని కారుతో వచ్చిన పుస్తకంలో చూడవలెను.

ఉప్పుగాలి, నీరు

విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ నుండి భీమిలి వరకు తీరము వెంబడి నివసించేవారికి ఇనుప కిటికీలు, గేట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో తెలిసినదే. అదే ఉప్పు తేమ రిమోట్ డొప్ప అతుకుల గుండా లోపలికి చేరుతుంది. సెల్‌ను తాకే రేకులు తుప్పు పట్టడం, సర్క్యూట్ బోర్డుపై రాగి గీతలకు పచ్చని చిలుము పట్టడం దీని గుర్తులు. ఓడరేవు చుట్టుపక్కల బొగ్గు ధూళి ఎక్కువ. బటన్ల సందులలో చేరిన ధూళి తేమతో ముద్ద కడితే బటన్ లోపలికి దిగి పైకి లేవదు. అప్పుడు ప్రసారం ఆగక కొత్త సెల్ సైతం త్వరగా ఖర్చయిపోవచ్చును.

రుషికొండ, యారాడ తీరాలలో తాళంచెవి జేబులో ఉంచుకొనే నీటిలోకి దిగితే నష్టము మరింత వేగంగా జరుగుతుంది. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. సెల్ లోపల ఉన్నంతసేపూ విద్యుద్విశ్లేషణ జరిగి రాగి కరిగిపోతుంది. కాబట్టి పనిచేస్తున్నదా అని బటన్ నొక్కి చూడకుండా వెంటనే సెల్ తీసివేయవలెను. తరువాత బోర్డును మంచినీటితో, వీలైతే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. బియ్యం డబ్బాలో పెట్టడం మన ఇళ్ళలో ప్రసిద్ధమైన చిట్కా. బియ్యము కొంత తేమను పీల్చవచ్చునేమో గాని ఉప్పును తీయలేదు, అసలు శత్రువు ఆ ఉప్పే. 2014 అక్టోబరు 12న నగరాన్ని తాకిన హుద్‌హుద్ వంటి తుపానులలో కారు తడిసినపుడు కూడా తాళంచెవికి ఇదే పద్ధతి వర్తిస్తుంది.

రేడియో అవరోధము

రిమోట్ ఒకచోట పనిచేయక మరొకచోట పనిచేస్తే అక్కడి రేడియో అవరోధాన్ని అనుమానించవచ్చును. 2001 మార్చిలో అమెరికాలోని బ్రెమర్టన్ అనే నౌకాదళ పట్టణంలో అనేక కార్ల రిమోట్లు కొన్ని రోజులపాటు పనిచేయక, తరువాత వాటంతట అవే బాగయినాయి. నౌకాదళాన్ని అనుమానించినవారున్నా వారు తమ ప్రమేయము లేదన్నారు. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నంలో రిమోట్ పలకనపుడు ఓడలవైపు వేలు చూపేముందు సెల్ మార్చి చూడడం మేలు. కారును వంద గజాలు కదిపి మళ్ళీ నొక్కితే సంగతి తేలిపోతుంది.

కొత్త తాళంచెవి

బోర్డు బాగుండి డొప్ప మాత్రమే పగిలితే డొప్ప ఒక్కటే కొని మార్చుకోవచ్చును. అయితే పాత డొప్పలో విడిగా అతికించి ఉండే చిన్న చిప్‌ను మరచిపోకుండా కొత్తదానిలోకి మార్చవలెను. దానిని పాత డొప్పతో పారవేసి, ఇంజన్ స్టార్టు కావడం లేదని చింతించడం ఈ పనిలో తరచుగా జరిగే పొరపాటు. పూర్తిగా కొత్త తాళంచెవి అయితే దానిని కారు కంప్యూటరులో నమోదు చేయించాలి. రిజిస్ట్రేషను పత్రము, యజమాని గుర్తింపు పత్రము చూడకుండా ఈ పని చేసేవారికి దూరంగా ఉండడం మంచిది.

ప్రమాదాలు

తీసివేసిన సెల్‌ను బల్లపై వదలరాదు. 20 మిల్లీమీటర్ల లిథియం సెల్‌ను పసిపిల్లలు మింగితే అది అన్నవాహికలో ఇరుక్కొని, రెండు గంటలలోనే కణజాలాన్ని కాల్చివేయగలదు. వాడి పారవేసిన సెల్ కూడా ఇంతే ప్రమాదకరము. మింగినట్లు అనుమానము వచ్చినా వాంతి చేయించక, వెంటనే ఎక్స్‌రే సౌకర్యము గల పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

కారు లోపల పిల్లలుండి రిమోట్ పనిచేయకపోతే పై పరీక్షలేవీ చేస్తూ కూర్చోరాదు. 2025 మే 18న విజయనగరము సమీపంలోని ద్వారపూడి గ్రామంలో ఆడుకొంటూ కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు మూసుకుపోయి ఊపిరాడక మరణించారు. అటువంటి సమయంలో లోహపు తాళంచెవి చేతికి అందకపోతే, పిల్లలకు దూరంగా ఉన్న పక్క కిటికీ అద్దాన్ని మూలలో కొట్టి పగులగొట్టవలెను. ముందు అద్దము పొరలతో చేసినది కావడం వలన సులభంగా పగలదు.